ఆడవాళ్ళకు కనిపించని గడి

నాగమణి అనే ఆవిడ మా ఆసుపత్రి హాల్లో, కిటికీ పక్క బల్ల మీద, చేతిలో టోకెను పట్టుకుని అరగంట కూర్చుంది. ఇంకో అరగంట కూర్చుని ఉంటే ప్రాణం పోయేదే. ఆమెను అక్కడ కూర్చోబెట్టింది నేను. అలాగని ఆ పూట నేను కౌంటర్లో లేను. అప్పటికి ఆమె ముఖం కూడా చూడలేదు. ఏడాది ముందు నేను చెప్పిన ఒక మాట కంప్యూటర్లో ఉండిపోయింది. నా బదులు అదే ఆమెను కూర్చోబెట్టింది.

కౌంటర్లో కొత్తగా చేరే ఆడపిల్లలు "పని ఎట్లా నేర్చుకోవాలి ఆంటీ" అని అడుగుతుంటారు. ఆ ఒక్క సంగతి అర్థమైతే పని వచ్చినట్టేనని చెబుతుంటాను. అది సరిగ్గా చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పాలి. నేను చదివింది ఏడో తరగతి. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే ఆసుపత్రిలో చేసి దిగాను. ఎవరికి ఎప్పుడు ఏ హోదా వచ్చిందన్నది ఇక్కడ రాయను, అది ఎవరికీ పనికొచ్చేది కాదు.

చూసి అడగడం

మాది పర్చూరు, చిలకలూరిపేట మధ్య ఉన్న ఊళ్ళకు దగ్గరైన చిన్న ఆసుపత్రి. ఇరవై మంచాలు, ఒక పెద్ద డాక్టరు గారు, చుట్టూ మిరపా పత్తీ వేసే పల్లెలు. నేను ఆయాగా చేరాను. తుడవడం, దుప్పట్లు మార్చడం, రోగి భయపడితే చెయ్యి పట్టుకోవడం. మూడేళ్ళకు కౌంటర్లో ఉండే అతను మానేశాడు. డాక్టరు గారు నన్ను పిలిచి, "ధనమ్మా, రేపట్నుంచి చీటీలు నువ్వు రాయి" అన్నారు.

"నాకు రాత కుదురుగా రాదండీ."

"నిన్న వచ్చిన వాళ్ళలో కాలికి కట్టు కట్టినాయన ఎవరు?"

"తిమ్మరాజుపాలెం దారిలో టీ కొట్టు ఉంటుంది కదండీ, ఆయన తమ్ముడు. పోయినేడు కూడా అదే కాలికి దెబ్బ తగిలించుకొచ్చాడు."

"రాత నేర్పొచ్చు. ఇది నేర్పలేం" అన్నారాయన. అంతే, కౌంటర్లో కూర్చున్నాను.

కూర్చున్న కొత్తలోనే పెద్ద తప్పు చేశాను. ఒకావిడ వస్తే పేరు, వయసు రాసుకుని, అలవాటు చొప్పున గట్టిగా, "మీ ఆయన పేరేంటమ్మా" అని అడిగాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. వెనక నిలబడ్డాయన చెప్పాడు, ఆవిడ భర్త పోయి పది రోజులైందని. నేను కౌంటరు వదిలేసి బస్టాండు దాకా పరిగెత్తాను. చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి, ముందు డాక్టరు గారి దగ్గరికి పంపి, చీటీ తర్వాత రాశాను.

అప్పట్నుంచి మనిషిని చూడందే నోరు తెరిచేదాన్ని కాదు. మెడ చూస్తాను, చేతులు చూస్తాను, వెంట వచ్చింది ఎవరో చూస్తాను. అత్తగారు పక్కన ఉంటే కోడల్ని కొన్ని అడగను, నీళ్ళ వంకన పక్కకు పిలిచి అడుగుతాను. ఏ మాట అడగాలో తెలియడం సగం పనైతే, ఏ మాట అడగకూడదో తెలియడం మిగతా సగం. ఈ విద్య ఎవరూ నేర్పింది కాదు, నా గర్వమంతా దీని మీదే ఉండేది. ఇప్పటికీ ఉంది, కాకపోతే కొంచెం చెంపదెబ్బ తిని ఉంది.

ముసలాయన పంచాంగం

తర్వాత కంప్యూటరు వచ్చింది. దాంతోపాటు ఎక్కడో పట్నంలో తయారైన ఫారం వచ్చింది. దాన్నిండా గడులు. మనిషి ఎవరైనా అన్ని గడులూ నింపాల్సిందే, ఒక్కటి ఖాళీగా ఉన్నా చీటీ బయటికి రాదు. నాతో పాటు కూర్చునేందుకు జ్యోతి అనే అమ్మాయిని పెట్టారు. ఇంటర్ చదివింది, వేళ్ళు చకచకా ఆడతాయి, బుద్ధిమంతురాలు. తెర మీద ఏముంటే అది అడుగుతుంది.

ఒకరోజు కనిగిరి నుంచి కూతురింటికి వచ్చిన ముసలాయన దగ్గుతో వచ్చాడు. జ్యోతి తలెత్తకుండా వరసగా అడుగుతూ పోయింది. పేరు, ఊరు, వయసు, ఆ తర్వాత, "ఆఖరు నెలసరి ఎప్పుడొచ్చింది?"

ఆయన కాసేపు ఆలోచించి, "పంచాంగం ఇంటి దగ్గర మర్చిపోయొచ్చాను తల్లీ. రేపు చూసి చెప్తే కుదురుద్దా?" అన్నాడు.

హాలంతా నవ్వింది. జ్యోతి ముఖం ఎర్రబడింది. "దీంట్లో ఉందాంటీ, ఏదో ఒకటి నింపకపోతే ముందుకు పోవట్లేదు" అంది ఏడుపు గొంతుతో. ఏం నింపాలో తెలియక ఆ పిల్ల రోజూ మగాళ్ళందరికీ ఆ రోజు తేదీయే వేస్తోందట. అది విన్నప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది. అబద్ధం రాయక తప్పని ఫారం ఒకటి మా కౌంటర్లో కూర్చుందన్నమాట.

డాక్టరు గారికి చెప్పాను. ఆయన పొన్నూరు నుంచి హరిబాబు అనే అతన్ని పిలిపించారు. సొంతంగా ఇలాంటివి తయారుచేసిచ్చే మనిషి, ముప్ఫై దాటిన వయసు, నెమ్మదస్తుడు. వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని, "చెప్పండక్కా, ఏం కావాలి?" అన్నాడు.

"విస్తరి వేశాక ఏం చేస్తావు? అన్నం పెట్టి పప్పు వేస్తావు. పప్పు వేయించుకుంటేనే నెయ్యి తెస్తావు. అన్నమే వద్దన్నవాడి దగ్గరికి నెయ్యి గిన్నె పట్టుకుపోయి నిలబడతావా? మీ ఫారం నిలబడుతోంది."

హరిబాబు నవ్వి, "అర్థమైంది. ముందు గడిలో వచ్చిన జవాబును బట్టి తర్వాతి గడి కనిపించాలి, లేకపోతే దాక్కోవాలి. అంతేనా?" అన్నాడు.

"అంతే. నేను కళ్ళతో చేసేది అది చేయాలి."

రెండు వారాలు మధ్యాహ్నాలు నా పక్కన కూర్చున్నాడు. నేను చెప్పేదాన్ని, అతను రాసుకునేవాడు. మగవాళ్ళకు నెలసరి గడి కనిపించకూడదు. ఆడవాళ్ళలో పదేళ్ళ లోపు వాళ్ళకూ, బాగా పెద్దవాళ్ళకూ కనిపించకూడదు. పాము కరిచిందంటేనే ఎప్పుడు, ఎక్కడ, కట్టు కట్టారా అన్నవి తెరుచుకోవాలి. భర్త పేరు అందరినీ అడగక్కర్లేదు, "మీ తాలూకు ఎవరు వచ్చారు" అంటే చాలు. ఒక్క కాగితం ముక్క కూడా చూడకుండా, ఇన్నేళ్ళలో ఎవరిని ఏమడిగానో గుర్తు తెచ్చుకుని చెప్పాను. హరిబాబు ఒకసారి కలం ఆపి, "అక్కా, మీరు నా పనిలోకి వచ్చుంటే నాకు పని ఉండేది కాదు" అన్నాడు. ఆ మాట ఇంటికెళ్ళి మా ఆయనకు రెండుసార్లు చెప్పాను.

బస్తాలు మోయకూడని హమాలీ

కొత్త ఫారం బ్రహ్మాండంగా నడిచింది. ఎంత హాయిగా ఉందంటే, జ్వరంతో వచ్చినవాడికి ఏడెనిమిది గడులే కనిపించేవి. వరస తొందరగా కదిలేది. నేను చెప్పినట్టే, మిరప, పత్తి పనుల వాళ్ళకు ఒక ప్రత్యేకమైన గడి కూడా పెట్టాం. "ఈ రెండు రోజుల్లో పురుగుమందు కొట్టారా?" అనేది. పురుగుమందు కొట్టి ఒళ్ళు తూలిపోతూ వచ్చేవాళ్ళు మా దగ్గర ఎక్కువ. దానికి అవునంటే చీటీ పైన ఎర్ర గీత అచ్చవుతుంది. ఎర్ర గీత ఉన్న మనిషికి టోకెను ఉండదు, నేరుగా లోపలికే. ఆ గీత నా ఆలోచనే.

నెల తిరక్కుండానే ఒక తమాషా జరిగింది. మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి, ఆరడుగులవాడు, నడుం నొప్పి అని వచ్చాడు. లోపలికెళ్ళిన కాసేపటికి మా మేరీ సిస్టరు చీటీ పట్టుకుని బయటికొచ్చింది. మేరీ మా దగ్గర అందరికంటే పాత నర్సు, నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాదు.

"ధనక్కా, ఈయనకి ఆరో నెలంట. బస్తాలు మోయొచ్చా లేదా నువ్వే చెప్పు."

చీటీలో నిజంగానే గర్భిణి అని అచ్చయి ఉంది. జరిగిందేమిటంటే, అంతకు ముందు వచ్చిన గర్భిణి వివరాలు సగం కొట్టాక, ఆవిడ మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది. జ్యోతి అదే ఫారంలో పేరు మార్చి, స్త్రీ అన్నచోట పురుషుడు అని మార్చింది. వెంటనే గర్భం గడి దాక్కుంది. దాక్కుంది గానీ, దాంట్లో ఉన్న జవాబు లోపల అలాగే ఉంది.

హరిబాబును పిలిస్తే తల గోక్కున్నాడు. "గడిని దాచానక్కా, లోపలున్నది తుడవలేదు."

"ఒరే హరీ, గిన్నె మీద మూత పెట్టినంత మాత్రాన గిన్నె ఖాళీ అవుద్దా?"

అది సరిచేశాడు. అప్పుడు నవ్వుకున్నాం, ఆ హమాలీ కూడా నవ్వాడు. తర్వాత ఎప్పుడు వచ్చినా, "మా పిల్లోడెట్లా ఉన్నాడు సిస్టరు గారూ" అని కడుపు తడుముకునేవాడు. కానీ అప్పుడే నాకు బుర్రలో వెలిగి ఉండాల్సింది. కనిపించని గడి కూడా పని చేస్తూనే ఉంటుంది. అది లేదని మనం అనుకుంటాం, అంతే.

నేను దాచమన్నది

ఇప్పుడు నా తప్పు చెబుతాను. అది బద్ధకం వల్ల జరిగింది కాదు. జాలి వల్ల జరిగింది, అందుకే చెబుతున్నాను.

మందు కొట్టారా అన్న గడి మొదట్లో ఆడా మగా అందరికీ కనిపించేది. ఒకరోజు కొత్తగా పెళ్ళైన పిల్ల విరోచనాలతో వచ్చింది. పొలం పని అంది కాబట్టి గడి తెరుచుకుంది. జ్యోతి అడిగింది. వరసలో వెనకున్న వాళ్ళకు "పురుగుమందు" అన్న ముక్క మాత్రమే వినపడింది. ఆడపిల్ల, కొత్త కాపురం, ఆసుపత్రి, పురుగుమందు. ఇంకేం కావాలి జనానికి. ఆ పిల్ల ఇంటికి చేరకముందే, అది ఏదో అఘాయిత్యం చేసుకోబోయిందని ఊళ్ళోకి కబురు చేరింది.

మర్నాడు వాళ్ళమ్మ వచ్చి కౌంటరు ముందు నిలబడింది. "నా కూతురు ఏం చేసిందని అడిగావే నువ్వు? దాని అత్త ముఖం తిప్పుకుంది. ఇప్పుడు ఊళ్ళో ఇంటింటికీ పోయి చెప్తావా అది విరోచనాలేనని?"

కౌంటరు దాటి బయటికొచ్చాను. చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆ సాయంత్రమే హరిబాబుకు ఫోను చేశాను.

"హరీ, ఆ మందు గడి ఆడవాళ్ళకు కనిపించకుండా చెయ్."

"అసలెప్పుడూ అవసరం రాదా అక్కా?"

"రాదురా. ఎవరన్నా తాగితే కౌంటరు దాకా రారు, మోసుకుని నేరుగా లోపలికి పోతారు. కొట్టేది మగాళ్ళు. ఆడది పంపు భుజాన తగిలించుకోవడం నువ్వెక్కడన్నా చూశావా?"

"మాది పొన్నూరక్కా. మాకు వరి తప్ప తెలీదు. మిరప సంగతి నన్నడిగితే ఏం చెప్పను?"

"తెలీదుగా. చెప్పింది చెయ్."

చేశాడు. నాకెంత తృప్తిగా అనిపించిందో. ఇంకే ఆడపిల్లా మా కౌంటరు ముందు తలదించుకోదు అనుకున్నాను. ఏడాది పాటు ఆ గడి ఆడవాళ్ళెవరికీ కనిపించలేదు. దాని గురించి నేనూ మర్చిపోయాను, జ్ఞాపకశక్తికి పేరు మోసినదాన్ని.

కిటికీ పక్క బల్ల

మిరపకు తామర పురుగు పట్టే కాలం. చలిగాలులు మొదలయ్యాయి. అప్పటికి నేను కౌంటరు జ్యోతికి అప్పగించి, హాలంతా తిరిగి చూసుకునే పనిలో ఉన్నాను. ఆ పూట పై అంతస్తులో మంచాలు చూసుకుని కిందికొచ్చేసరికి హాలు నిండి ఉంది. ఒక ఊళ్ళో గృహప్రవేశం భోజనాల్లో ఏదో తేడా చేసి, వాంతులతో చాలామంది వచ్చారు.

కిటికీ పక్క బల్ల మీద ఒకావిడ గోడకు తల ఆనించి కూర్చుంది. ముప్ఫై దాటి ఉంటాయి. పక్కన ఆమె భర్త, వెంకటేశ్వర్లు అని తర్వాత తెలిసింది, టోకెను అంకె ఎప్పుడొస్తుందా అని తలుపు వంక చూస్తున్నాడు. నేను దాటిపోబోయి ఆగాను. అంత చలిలో ఆమె ముఖాన చెమట కాలువ కడుతోంది. నోటి పక్క నుంచి చొంగ కారుతుంటే కొంగుతో తుడుచుకుంటోంది. మిగతా వాంతుల వాళ్ళెవరూ అలా లేరు.

"మీరు కూడా గృహప్రవేశానికి పోయారా?" అన్నాను.

"లేదండీ. మాది ఆ ఊరు కాదు" అన్నాడు భర్త. "పొద్దున చేలో పని చేసిందండీ. మధ్యాహ్నం నుంచి వాంతులు. కళ్ళు మసకంటోంది."

వంగి చూశాను. ఆ కొంగు దగ్గర వాసన. ఈ జిల్లాల్లో పుట్టినవాళ్ళకు ఆ వాసన చెప్పక్కర్లేదు.

"ఏం పని చేశావమ్మా?"

"నీళ్ళు మోశాను" అంది మెల్లగా. నాలుక తిరగడం లేదు. "ఈయన కొడుతున్నాడు. డ్రమ్ములో మందు కలిపాను."

"దేంతో కలిపావు?"

ఆమె కుడిచెయ్యి పైకెత్తి చూపించింది. మోచేతి దాకా.

మేరీని కేకేశాను. ఇన్నేళ్ళలో హాల్లో అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. స్ట్రెచరు వచ్చేలోపే వెంకటేశ్వర్లు, నేను ఆమెను చెరో పక్కా ఎత్తి లోపలికి నడిపించాం. డాక్టరు గారు కనురెప్ప ఎత్తి చూశారు. కంటిపాప ఆవగింజంత అయిపోయి ఉంది. ఆయన ఇంజక్షన్లు మొదలుపెట్టారు. నేనూ మేరీ ఆ మందు బట్టలు తీసేసి, సబ్బునీళ్ళతో జుట్టు దగ్గర్నుంచి గోళ్ళ సందుల దాకా కడిగాం. చెయ్యి కడుగుతుంటే నీళ్ళు పాలలా తెల్లగా దిగాయి.

తలుపు దగ్గర జ్యోతి నిలబడి ఉంది. చేతిలో ఆ చీటీ. పైన ఎర్ర గీత లేదు.

"అన్నీ నింపానాంటీ" అంది. "ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు."

నిజమే, ఒక్కటీ వదల్లేదు. అక్కడే ఉంది మోసమంతా. ఖాళీ గడి కంటపడితే ఇదేమిటని అడుగుతాం. అసలు కనిపించనిదాన్ని గురించి ఎవరడుగుతారు? ఆ చీటీ చూసిన వాళ్ళెవరికైనా అది నిండుగా, సక్రమంగా ఉందనే అనిపిస్తుంది.

నీళ్ళెవరు మోసేవాళ్ళు

నాగమణి మూడు రోజులు అటూ ఇటూగా ఉంది. ఆ మూడు రోజులూ నేను అన్నం సరిగా తినలేదు. నాలుగోరోజు పొద్దున కళ్ళు తెరిచి, భర్తతో, "చేను ఎండిపోతా ఉంటే ఇక్కడ కూర్చున్నావేంది" అందట. ఆ మాట మేరీ వచ్చి చెప్పగానే వెళ్ళి దేవుడి పటం ముందు నిలబడ్డాను.

డాక్టరు గారు అప్పుడు పిలిచారు. ఆయన కేకలేసే మనిషి కాదు. మూడు రోజులు ఆగారంటేనే కోపం ఎంతో తెలిసింది.

"ఆడవాళ్ళకు ఆ గడి కనిపించకూడదని చెప్పింది నువ్వేనట."

"నేనేనండీ. హరిబాబు తప్పు లేదు. జ్యోతి తప్పూ లేదు."

"ఆడవాళ్ళు మందు కొట్టరని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. మా ఇంట్లో మా ఆయనే కొట్టేవాడు. రెండెకరాలు పత్తి వేసేవాళ్ళం."

"నీళ్ళెవరు మోసేవాళ్ళు?"

నా రెండు చేతుల వంక చూసుకున్నాను.

"నేనేనండీ" అన్నాను. "కలిపేదాన్ని కూడా నేనే."

పెళ్ళైన దగ్గర్నుంచి పన్నెండేళ్ళు మోశాను. బిందె నడుం మీద పెట్టుకుని కాలవ దగ్గర్నుంచి డ్రమ్ము దాకా. కర్ర దొరక్కపోతే చేత్తోనే తిప్పేదాన్ని. సాయంత్రం తల దిమ్మెక్కితే ఎండ దెబ్బ అనుకునేవాళ్ళం. ఎవరి పుట్టినరోజు ఏ తిథో చెప్పగలిగేదాన్ని, నా చేతుల సంగతి నాకే గుర్తు రాలేదు. ఎందుకంటే మా వైపు అది పని కింద లెక్క కాదు. మందు కొట్టింది ఎవరంటే, పంపు మోసినవాడు. నీళ్ళు మోసింది, కలిపింది, ఆ బట్టలు ఉతికింది, అదంతా ఇంట్లో పనిలాగా కలిసిపోతుంది. నేను అనుకున్నట్టే ఫారమూ అనుకుంది. దానికి వేరే కళ్ళెక్కడివి?

"ఉద్యోగం మానేస్తానండీ" అన్నాను.

"మానేస్తే ఆ గడి ఎవరు సరిచేస్తారు? హరిబాబుది పొన్నూరు. వెళ్ళి కూర్చో" అన్నారాయన.

నా జీవితంలో నాకు దొరికిన గొప్ప మన్నన అదే. దానికంటే గట్టి తిట్టు కూడా ఇంకోటి లేదు.

బొమ్మలు

హరిబాబు వచ్చాడు. "గడి అందరికీ కనిపించేట్టు పెట్టేస్తానక్కా, ఒక్క నిమిషం పని" అన్నాడు.

"ఆగు. ముందు ఆమెనే అడుగుదాం" అని అతన్ని నాగమణి మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. అప్పటికి ఆమె కూర్చుని గంజి తాగుతోంది.

"నాగమణీ, ఆ రోజు కౌంటర్లో నిన్ను, మందు కొట్టావా అని అడిగితే ఏం చెప్పేదానివి?"

"లేదనేదాన్ని. నేను కొట్టలేదుగా."

హరిబాబు నా ముఖం చూశాడు. గడి కనిపించినా లాభం లేదన్నమాట. మేమడిగే మాటే తప్పు.

"మందు పని చేశావా అంటే?"

"ఆయన చేశాడనేదాన్ని."

"నీళ్ళు మోశావా అంటే?"

"ఆ, పొద్దున్నుంచీ అదే పని కదండీ" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

అప్పుడు కూర్చున్నాం. గడి దాక్కోవడం తప్పు కాదు, అది దేన్ని చూసి దాక్కుంటోందన్నదే అసలు సంగతి. మేము ఆడా మగా చూసి దాచాం. చూడాల్సింది చేతులు ఏం పని చేశాయన్నది. అందుకని ఆడా మగా తేడా తీసేశాం. చిన్నపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ ఒకటే మొదటి ప్రశ్న. "ఈ రెండు రోజుల్లో మీ ఇంట్లో ఎవరన్నా మందు పనికి పోయారా, మీరు మందు కొట్టిన చేలోకి పోయారా?" దానికి లేదంటే మిగతావి కనిపించవు. అవునంటేనే తెరుచుకుంటాయి. నీళ్ళు మోశారా, కలిపారా, కొట్టారా, ఆ చేలో పత్తి తీశారా, కాయ కోశారా, ఆ బట్టలు ఉతికారా.

బట్టలు ఉతకడం నాగమణే చెప్పింది. "మా అత్త ఈయన చొక్కాలు ఉతికిన రోజు అన్నం తినదండీ, కడుపులో తిప్పుద్దంటది" అని.

ఇంకొకటి మిగిలింది. వెనక వరసలో వాళ్ళు వింటారు. ఆ కొత్త కోడలి తల్లి ముఖం నేను మర్చిపోలేదు. ఒకరిని కాపాడబోయి ఇంకొకరి పరువు తీయకూడదు. హరిబాబు రెండు రోజులు ఆలోచించి, ఆ గడులు తెరుచుకోగానే మాటల బదులు బొమ్మలు వచ్చేట్టు చేశాడు. బిందె, డ్రమ్ము, పంపు, పత్తి కాయ, మిరపకాయ, బట్టల మూట. తెరను రోగి వైపుకు తిప్పితే చాలు. వేలు పెట్టి చూపిస్తారు. చదువు రాకపోయినా ఫరవాలేదు, నోరు విప్పక్కర్లేదు. దేని మీద వేలు పడినా ఎర్ర గీత వస్తుంది. మొదటి ప్రశ్న కూడా జ్యోతి లేచి, ముందుకు వంగి, మెల్లగా అడగాలి. అది కంప్యూటరుకు నేర్పేది కాదు కాబట్టి జ్యోతికి నేను నేర్పాను.

ఆ బొమ్మల్లో బిందె మొదట హరిబాబు బకెట్టు ఆకారంలో పెట్టాడు. నడుం మీద నిలిచే ఆకారం కాదది. నేను మార్పించాను.

చివరి నెల

నేను దిగిపోయే నెలలో ఒక మధ్యాహ్నం హాల్లో కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాను. అరవై దాటిన ఒకావిడ ఒంటరిగా వచ్చింది. తల తిరుగుతోందని, వాంతి వచ్చేట్టుందని చెబుతోంది. పొలానికి పోయేదానిలా లేదు. ఉతికిన చీర, నుదుట కుంకుమ. నా కళ్ళు ఆమెను చూసి, పైత్యం అయి ఉంటుంది అనుకున్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళ కళ్ళు.

జ్యోతి లేచి, ముందుకు వంగి ఏదో అడిగింది. ఆవిడ తల ఊపింది. జ్యోతి తెర తిప్పింది. ఆవిడ కాసేపు చూసి, చూపుడువేలు బట్టల మూట మీద పెట్టింది.

"కొడుకు బట్టలామ్మా?" అంది జ్యోతి మెల్లగా.

"ఆ. మూడు జతలు. పొద్దున నానబెట్టా."

చీటీ బయటికొచ్చింది. దాని పైన ఎర్ర గీత నాకు కుర్చీలోంచే కనిపించింది. జ్యోతి ఆవిడ భుజం పట్టుకుని లోపలికి నడిపించింది. మేరీ తలుపు తీసింది. వరసలో ఉన్నవాళ్ళలో ఎవరికీ ఏమీ తెలియలేదు, ఒకాయన ఆవలించాడు.

లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. నన్నెవరూ పిలవలేదు. టీ ఇంకా వేడిగానే ఉంది, నిదానంగా పూర్తిగా తాగాను.